హెడింగులో పట్టని ‘ట’

పత్రికలో ఉద్యోగం చేశానంటే నేను వార్తలు రాసేవాణ్ణని మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు. నేను రాసినవాణ్ణి కాదు, పేర్చినవాణ్ణి. ముప్పై నాలుగేళ్లు అక్షరాల గళ్లపెట్టె, మేం కేసు అనేవాళ్లం, దాని ముందు నిలబడి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలో పెట్టాను. మోకాళ్లు అక్కడే పోయాయి, కళ్లు అక్కడే పోయాయి. మిగిలిన నోరు మాత్రం బాగానే ఉంది.

మొన్న మా మనవరాలి స్నేహితులు ఇద్దరు వచ్చారు. పత్రికల్లో చేరాలని చదువుతున్నారట. అందులో ఒక పిల్ల ఎంతో భక్తిగా, "తాతగారూ, మీ రోజుల్లో పత్రికలు చాలా నిజాయితీగా ఉండేవట కదా!" అంది. నాకు నవ్వు ఆగలేదు. మా రోజుల్లో దేవుడు స్వయంగా దిగివచ్చి ప్రూఫులు దిద్దేవాడనుకుంటున్నారు పాపం! వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చదివాక కూడా పత్రికలో చేరాలనిపిస్తే చేరండి. లేదంటే బియ్యం కొట్టు పెట్టుకోండి, నెల్లూరులో దానికి ఏ కాలంలోనూ గిరాకీ తగ్గదు.

ఆ పిల్ల అన్న మాటలో చివర ఒక ‘ట’ ఉంది చూశారా? "ఉండేవి" అనలేదు, "ఉండేవట" అంది. తను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నది. అంత సంగతీ ఒక్క అక్షరంతో చెప్పేసింది. మన నెల్లూరు నోళ్లలో అది ‘అంట’ అవుతుంది. ఏదైనా సరే, ఆ అక్షరం ఉన్నంతసేపూ మాట చెప్పినవాడి చెయ్యి తలుపు గడియ మీద ఉన్నట్టే, కావాలంటే వెనక్కి వెళ్లిపోవచ్చు. అది తీసేశారా, ఇక సాక్ష్యం చెప్పినట్టే. ఈ సంగతి వ్యాకరణం చదువుకుని తెలుసుకున్నది కాదు. ఒక మనిషి పరువు తీసి తెలుసుకున్నాను.

పందొమ్మిదివందల అరవైల మొదట్లో సంగతి ఇది. నెల్లూరులో మాది వారపత్రిక. పేరు చెప్పను. శనివారం వెలువడేది. ఉన్న ఎనిమిది పేజీల్లో రెండు పేజీలు బియ్యం ధరలు, ఒక పేజీ కోర్టు వేలం ప్రకటనలు, మిగిలినవన్నీ ఎవరినో ఒకరిని తిట్టడానికి. మా ఎడిటరు ఖద్దరు మనిషి. ‘పత్రికాధర్మం’ అనే మాట వాడకుండా కాఫీ కూడా అడిగేవాడు కాదు. అచ్చు గదిలో పెద్ద దిక్కు మా ఫోర్మను. మద్రాసు అచ్చాఫీసుల్లో పండిపోయి వచ్చిన అరవాయన, తెలుగు నాకంటే శుభ్రంగా చదివేవాడు, మాట్లాడితే మాత్రం సగం అరవం. పెద్ద అక్షరాల హెడింగులు ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఆ పెద్ద అక్షరాల కేసు వంక మిఠాయి కొట్టు వంక చూసినట్టు చూస్తుండేవాణ్ణి.

ఇక నేను పరువు తీసిన ఆ మనిషి సంగతి. పౌరాణిక నాటకాల్లో రాజవేషాలకు పెట్టింది పేరు. కిరీటం పెట్టుకుని రాగం ఎత్తుకుంటే కింద కూర్చున్నవాళ్లు తువ్వాళ్లు గాల్లోకి విసిరేవారు. ఒకే పద్యం మూడుసార్లు పాడించుకుంటే గానీ వదిలేవారు కాదు. నెల్లూరు సెలూన్లలో అద్దం పక్కన ఆయన ఫోటో ఉండేది. మా అమ్మ సంగతి చెప్తాను వినండి. ఒకసారి ఆట అయిపోయాక స్టేజి దగ్గరికి వెళ్లి, ఆయన నిలబడ్డ చోట మట్టి తీసి కళ్లకద్దుకుంది. నేను చూస్తుండగానే.

ఒకనాడు ఆయన ముత్తుకూరు అవతల సముద్రపు ఒడ్డు పల్లెలో తిరణాలకు ఆట ఒప్పుకుని వెళ్తున్నాడు. దారిలో ఉప్పుటేరు దాటాలి. పడవలో ఆయన, ఆయన హార్మోనిస్టు, పడవవాడు, చేపలమ్ముకుని తిరిగివస్తున్న అత్తా కోడళ్లు ఇద్దరు, అంతే. ఏటి మధ్యలో పడవ బోల్తాపడింది. అత్త మునిగి చనిపోయింది. మిగిలిన నలుగురూ బయటపడ్డారు. జరిగింది ఇంతే.

ముత్తుకూరు నుంచి మాకు వార్తలు పంపేది ఒక బడిపంతులు. పాపం జాగ్రత్త గలవాడు. పోస్టులో ఆయన పంపిన కాగితం నేనే కంపోజు చేశాను కాబట్టి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. "గట్టుమీది వారెవరో చూశారట. నటుడు ఒక స్త్రీని తోశాడట. ఆమె మునిగిపోయినదట. నిజానిజాలు విచారణలో తేలవలసి యున్నవి." వాక్యానికో ట వేశాడు మహానుభావుడు. ఎడిటరు ఆఖరి వాక్యం కొట్టేశాడు, చోటు లేదని. ఆ పక్కనే జుట్టు రాలకుండా తైలం ప్రకటన మాత్రం హాయిగా అరచెయ్యంత చోటులో కూర్చుంది. కాగితం పైన ఎర్ర సిరాతో హెడింగు రాశాడు: "నిండు ఏట్లో స్త్రీని తోశాడట." కింద గీత గీసి, "అన్నిటికంటే పెద్ద అచ్చు" అని రాసి భోజనానికి వెళ్లిపోయాడు.

ఆ రోజు మా ఫోర్మను కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలికి నిమ్మకాయ తొడుక్కుని కూర్చున్నాడు. అందుకని నా జన్మలో మొదటి పెద్ద హెడింగు నా చేతికొచ్చింది. పెళ్లికొడుకులా పొంగిపోయాను. అక్షరాలు పేర్చి చూస్తే ఏముంది, ఒక్క అక్షరం పట్టలేదు. కొలత దాటి వేలెడు బయటికి వచ్చింది.

"ఏమప్పా, ఏమైంది?" అన్నాడు ఫోర్మను.

"ఒక్క అక్షరం ఎక్కువైందయ్యా."

ఆయన లేచి వచ్చి చూశాడు. "నిండు తీసెయ్యప్పా. ‘ఏట్లో స్త్రీని తోశాడట.’ సరిపోతాది."

"నిండు తీస్తే అందం పోతుందయ్యా," అన్నాను.

నిజంగా అట్లాగే అన్నాను. అందం! ఒక ఆడమనిషి చచ్చిపోయిన వార్తకు నేను అందం చూశాను. ‘నిండు ఏట్లో’ అంటే చదివేవాడి ఒళ్లు ఝల్లుమంటుందని నా బోడి రసికత. ఆ రోజు ఏరు నిండుగా కూడా లేదని, పోటు తగ్గి నీరు సముద్రంలోకి తీసే వేళ అని తర్వాత తెలిసింది. మధ్యలో లాగుడు ఉందంతే.

నేను ‘డ’, ‘ట’ రెండచ్చులు తీసి ‘డు’ ఒకటి పెట్టాను. "నిండు ఏట్లో స్త్రీని తోశాడు." కుట్టించినట్టు సరిపోయింది.

ఫోర్మను దాన్ని చాలాసేపు చూశాడు. "వద్దప్పా. ఎడిటరు రానీ, అడుగుదాం. ట లేకపోతే మనమే చూసినట్టు అయిపోతాదే."

"మూడింటికి మిషనెక్కాలి గదా అయ్యా. ఒక్క ట కోసం ఎవరు చూస్తారు?"

గోరుచుట్టు సలుపుతోందేమో, ఆయన వెళ్లి కూర్చున్నాడు. పత్రిక అచ్చయింది.

శనివారం పది గంటలకల్లా కాపీలు అయిపోయాయి. మళ్లీ మిషనెక్కించారు. మా పత్రిక పుట్టాక అట్లా జరగడం అదే మొదలు. నేను ఆఫీసు నుంచి ఇంటికి నడిచిపోతుంటే హోటళ్లలో, జట్కా స్టాండులో అదే మాట. గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు, కళ్లు మాత్రం పండగలా మెరుస్తున్నాయి. నేనూ ఛాతీ విరుచుకునే నడిచాను లెండి.

ఆ తర్వాత వారం నేను విన్నవి రాస్తే గ్రంథమవుతుంది. సెలూన్లో ఒకాయన, కోవూరు వడ్ల బేరగాడు, గడ్డం గీయించుకుంటూనే చెప్తున్నాడు: "నేనా టయానికి గట్టుమీదనే ఉండాను. ఈ కళ్ళతో చూసినా. రెండు చేతులా ఎత్తి తోసినాడబ్బా!"

"మీరు ముత్తుకూరు ఎందుకు పోయినారన్నా?" అని అడిగాను.

"ఎందుకో పోయినాలే. నీకెందుకు? పేపర్లో ఏసినారా లేదా?"

ఆయన సముద్రం వైపు మొహం పెట్టి పడుకున్న పాపాన కూడా పోలేదని మంగలికి తెలుసు, నాకు తెలుసు. అయినా మంగలి కత్తి తుడుచుకుంటూ, "చూసినాయనే చెప్తుంటే ఇంకేందన్నా," అన్నాడు. మర్నాటికి అద్దం పక్కన ఫోటో లేదు. మేకు మాత్రం ఉంది.

ఇంట్లో మా అమ్మ ఇంకా గొప్పది. "ఆ కళ్ళు చూసినప్పుడే అనుకున్నా నేను. ఎంత కిరీటం పెట్టుకుంటే ఏం, ఆ కళ్ళలో జాలనేది లేదు," అంది.

"మట్టి తీసి కళ్లకద్దుకున్నావు గదమ్మా!"

"అదేందిరా, అప్పుడు పేపర్లో రాలేదు గదా?"

ఈ జవాబుకు తిరుగు లేదు, ఒప్పుకోండి. నేను ఉండబట్టలేక చెప్పేశాను. అమ్మా, అక్కడ ఒక ట ఉండాల్సింది, చోటు చాలక నేనే తీసేశాను, చూసినట్టు ఎవరూ చెప్పలేదు, అంతా విన్న మాటే అని. ఆమె ఓపిగ్గా విన్నది. "నువ్వు తీసినావు సరే. ఆయన తోసిందైతే నిజమే గదా?" అంది. అన్నం పెట్టమన్నాను.

మద్రాసు నుంచి వచ్చే దినపత్రిక ఒకటి మా వార్తను ఎత్తి వేసుకుంది. ఎక్కడిదో చెప్పలేదు, "తెలియవచ్చినది" అంది. మా ఎడిటరు దాన్ని కత్తిరించి, మరుసటి శనివారం "మద్రాసు పత్రికలు సైతం ధ్రువపరచినవి" అని వేశాడు. అంటే ఏమిటన్నమాట? నేను తీసేసిన ట మద్రాసు దాకా పోయి, ధ్రువపత్రం తెచ్చుకుని వచ్చింది. ఇది మోసమని అప్పుడు ఎవరూ అనుకోలేదు. ఎడిటరు నిజంగానే సంతోషించాడు, తన వార్త రూఢి అయిందని. ముత్తుకూరు పంతులు మొదట్లో ఆఫీసుకొచ్చి, "నేను రాసిన టలన్నీ ఏమైపోయినాయండీ?" అని గోల చేశాడు. పది రోజులకు ఊళ్లో ఆయన్ను నిలబెట్టి అడిగి మరీ కథ చెప్పించుకోవడం మొదలుపెట్టాక ఆయన కూడా టలు వదిలేశాడు.

మరి చూసినవాళ్లు ఏం చేశారంటారా? పడవవాడు పోలీసులకు భయపడి ఎక్కడికో పారిపోయాడు. హార్మోనిస్టు ఊరూరా తిరిగి "మా ఆయన తోయలేదు మహాప్రభో" అని మొత్తుకున్నాడు. "ఆయన పక్కన వాయించేవాడు ఇంకెట్టా చెప్తాడు?" అన్నారు జనం. ఆ కోడలు మైలలో ఉంది, పల్లె దాటి రాలేదు. ఆ పల్లెలో చదవడం వచ్చినవాడు లేడు, తమ గురించి నెల్లూరులో ఇంత రభస జరుగుతోందని వాళ్లకు తెలియనే తెలియదు.

ఆ నటుడికి అప్పటికే కోవూరులో సన్మానం ఒప్పుకుని ఉన్నారు. ఒక రైసుమిల్లు ఆవరణలో పందిరి వేసి సాయంత్రం నాలుగింటికి సభ. కార్యకర్తలు మానేద్దామా అనుకుని, మానేస్తే జనం ఊరుకోరని జరిపించారు. జనం మునుపటికంటే రెండింతలొచ్చారు. నేను పెన్నా వంతెన మీదుగా సైకిలు తొక్కుకుంటూ పోయాను. ఎందుకు పోయానంటే ఏం చెప్పను? నా హెడింగు ఎట్లా పనిచేస్తోందో చూసుకోవాలని కాదని మాత్రం బుకాయించను.

ఆయన తెల్ల పంచె, తెల్ల లాల్చీతో వచ్చాడు. వేషం లేకుండా ఆయన్ను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మామూలు మనిషి, కాస్త ముందుకు వంగిన భుజాలు. అధ్యక్షుల వారు ఏవో నాలుగు ముక్కలు గొణిగారు. ఆ ఊరి స్త్రీ సమాజం పెద్దావిడ దండ పట్టుకుని స్టేజి ఎక్కింది. ఆయన నమస్కారం పెట్టి దండకోసం మెడ వంచాడు.

వెనక వరసల్లోంచి ఎవడో కేకేశాడు. "అమ్మా, దగ్గిరికి పోవాకమ్మా! తోసేస్తాడు!"

పందిరి పందిరంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు సంగతి సరే. ఆ పెద్దావిడ, పాపం ఆవిడ అనుకుని చేయలేదు, ఉలిక్కిపడి ఒక్క అడుగు వెనక్కి వేసింది. దండ చేతిలోనే ఉంది. ఆయన మెడ వంచుకుని అట్లాగే ఉన్నాడు. ఎంతసేపున్నాడో నాకు తెలియదు. తర్వాత మెల్లగా తలెత్తి జనాన్ని చూశాడు. హార్మోనిస్టు శ్రుతి పట్టాడు, పాడితే సర్దుకుంటుందని. ఆయన నోరు తెరిచాడు. రాలేదు. మూడు మైళ్లు వినిపించే ఆ గొంతు రాలేదు. స్టేజి దిగి నడిచి వెళ్లిపోయాడు.

నేనూ నవ్వాను. ఈ ఒక్క మాట దాచేస్తే ఇంత రాసీ ప్రయోజనం లేదు. పక్కనున్నవాళ్లు నవ్వితే నవ్వొచ్చింది, నవ్వాను. సైకిలు తొక్కుతూ వంతెన మధ్యకొచ్చాక ఇక తొక్కలేకపోయాను. దిగి పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత ఆయన స్టేజి ఎక్కలేదు. ఒప్పుకున్న ఆటలన్నీ ఎవరికి వారే వద్దన్నారు.

నెల తిరిగాక ఒక పగలు మా ఆఫీసు గుమ్మంలో ఒక పల్లె ఆడమనిషి, ఆమె మొగుడు నిలబడి ఉన్నారు. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. పాతికేళ్లుంటాయి ఆమెకు. చేతిలో మా పత్రిక, నాలుగు మడతలుపెట్టి ఉంది. చేపలు కొనే బేరగాడు చదివి చెప్పాడట. ఆ కోడలే ఈమె.

ఎడిటరు కుర్చీలో వెనక్కి వాలి, "ఏమ్మా?" అన్నాడు.

"అయ్యా, ఆయన నన్ను తోసినాడు," అంది.

ఎడిటరు మొహం వెలిగిపోయింది. కలం తీశాడు.

"నీళ్ళలోకి గాదయ్యా. పడవ మీదికి. బోర్లాపడిన పడవ మీదికి నా నడుము పట్టుకొని తోసినాడు. మా ఆడోళ్ళకు ఈత ఎవురు నేర్పిస్తారు? రెండు తూర్లు జారిపోతి. రెండు తూర్లూ తోసినాడు. మూడో తూరి తోస్తే కొయ్య దొరికింది. మా అత్త కోసరం తిరిగేలోపల ఆమె లేదు. ఆయన మునిగి మునిగి లేసినాడు. ఆమె గంప దొరికింది, ఆమె దొరకలా. ఆ గంప పట్టుకొని ఆయన ఏడస్తా ఉంటే నేను చూసినా."

గట్టుమీది వాళ్లకు దూరం నుంచి కనిపించింది ఆ తోయడమే. ఎటు తోశాడన్నది వాళ్లకు కనిపించలేదు, మాకు అక్కర్లేదు.

అప్పుడు మొగుడన్నాడు: "పోయింది మాయమ్మ. ఆయన తోసుంటే నేనే నరికేసుందును గదా? నేను చెప్తుండా, తోయలేదు. ఆయనకు మేము మొక్కాల. మీరేందయ్యా, ఇట్టా ఏసినారు?"

ఎడిటరు కలం కింద పెట్టాడు. "అయితే తోశాడన్న మాట నిజమేగా? మనం అబద్ధమేమీ వేయలేదు," అన్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే ఊపిరి పీల్చుకుని అన్నాడు.

ఆ పిల్ల మడతలు విప్పి హెడింగు మీద చెయ్యి పరిచింది. చదువు రాదు, కొలత మాత్రం తెలుసు. జానపెట్టి కొలిచింది. "రెండు జానలుండాది. ఇదే పొడుగున ఏయండయ్యా, ఆయన తోయలేదని. ఇంత లావు అచ్చరాలతోనే. చిన్నగా ఏస్తే ఎవురికీ కనబడదు."

పత్రికలు నడపడం గురించి అంతకంటే తెలివైన మాట నేను ముప్పై నాలుగేళ్లలో వినలేదు. "అట్లాగే చూద్దాంలేమ్మా," అన్నాడు ఎడిటరు. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు.

నేను ఆయన గదిలోకి వెళ్లాను. "అయ్యా, ఆ హెడింగులో మీరు ట రాశారు. నేనే తీసేశాను. చోటు చాల్లేదు," అని చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు తెలీదనుకున్నావా? ప్రూఫు చూశాను," అన్నాడాయన. "మంచి పని చేశావు. హెడింగు అంటే అట్లా ఉండాలి. ఇకనుంచి పెద్ద హెడింగులన్నీ నువ్వే చూసుకో."

ఆ శనివారానికి ఆయన రాసిచ్చింది ఇదీ. ‘సవరణ’ అని పైన చిన్నక్షరాలు. "ప్రముఖ నటుడు ఏటిలో స్త్రీని తోయలేదట." ఏడో పేజీలో, రెండు వేలం ప్రకటనల మధ్య. నేను ఫోర్మను వంక చూశాను. ఆయన తన పని చూసుకుంటున్నాడు. నేను నిలబడి, ఆ ట తీసేసి "తోయలేదు" అని పేర్చాను. ఈసారి బుద్ధిపూర్వకంగా తీశాను. బతుకులో ఒక మంచి పని చేస్తున్నాననుకున్నాను కూడా.

ప్రూఫు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. ‘ట’ చేర్చి చుట్టూ సున్నా చుట్టి ఉంది. నేను వెళ్లి అడిగితే ఎడిటరు కళ్లజోడు తీసి నిదానంగా చెప్పాడు: "మనం చూశామా? చూడనిదాన్ని రూఢిగా ఎట్లా వేస్తాం? పత్రికాధర్మం అనేది ఒకటుందయ్యా."

అట్లాగే అచ్చయింది. మరునాడు సెలూన్లో ఒకాయన దాన్ని వెతికి పట్టుకుని పైకి చదివాడు. "తోయలేదంటా...!" అని సాగదీశాడు. మన తెలుగులో ఆ అక్షరాన్ని సాగదీసి ఎంత వెక్కిరించవచ్చో మీకు నేను చెప్పాలా? కూర్చున్నవాళ్లంతా విరగబడి నవ్వారు. "కాళ్ళూ గడ్డాలూ పట్టుకొని ఏయించుకోనుంటాడు," అన్నాడు మంగలి. అప్పటిదాకా కాస్తో కూస్తో అనుమానం ఉన్నవాళ్లకు కూడా ఆ సవరణతో నమ్మకం కుదిరింది.

ఆరేడేళ్లు గడిచాయి. నేను హెడింగుల మొనగాణ్ణయ్యాను. ఫోర్మను పోయాడు, ఆయన స్టూలు నాకొచ్చింది. ఎన్నో హెడింగులు పెట్టాను, ఎన్ని టలు తీశానో లెక్క చెప్పలేను. ఒకసారి అలవాటయ్యాక చెయ్యి దానంతటదే పోతుంది. అయినా ఆ నటుడి సంగతి మాత్రం లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. ఒకసారి పని మీద ముత్తుకూరు వైపు వెళ్లాల్సి వస్తే అడిగి తెలుసుకున్నాను. అక్కడికి రెండు మైళ్లలో ఒక పల్లెలో అక్కగారింట ఉంటున్నాడన్నారు.

మధ్యాహ్నం వేళ వెళ్లాను. వసారాలో బల్ల మీద కూర్చుని వల తాడు పేనుతున్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. నేనెవరో చెప్పాను. ఎదురుగా నేలమీద కూర్చుని మొత్తం చెప్పేశాను: గోరుచుట్టు, పట్టని అక్షరం, నిండు ఏరు, అందం, నా రసికత, కోవూరు నవ్వు, అన్నీ. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొడితే పడదామనే వెళ్లాను.

ఆయన తాడు పక్కన పెట్టి అంతా విన్నాడు. "ఒక్క అచ్చరమా?" అన్నాడు. అంతే. కోపం లేదు.

"తప్పు నాదండీ. మీరు తోయలేదు. అందరికీ చెప్తాను, మీరు చెప్పమన్న చోటల్లా చెప్తాను," అన్నాను.

ఆయన తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు, అటూ ఇటూ తిప్పి. "మొదట్లో నాకు బాగా గుర్తుండేది నాయనా. ఆ పిల్లను పడవ మీదికి ఎట్టా తోసినానో, ముసలామె కోసరం ఎట్టా మునిగినానో, అంతా. ఇన్నేండ్లు పోయిన చోటల్లా ఒకటే మాట. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ చేతులు ముసలామెనే తోస్తా కనపడతుండాయి. ఏది జరిగిందో నాకే తెలీడంలా."

"అయ్యో, అదేం మాటండీ! ఆ కోడలు మా ఆఫీసుకొచ్చి స్వయంగా చెప్పింది. నేను ఈ చెవులతో విన్నాను. మీరే బతికించారని చెప్పింది. ఆమె మొగుడూ చెప్పాడు!"

ఆయన నన్ను ఎంతో ఆశగా చూశాడు. నేను చెప్పింది నమ్మాలనే చూశాడు. కాసేపటికి తల అడ్డంగా ఆడించాడు.

"ఆ పిల్ల మంచిది నాయనా. నా మీద జాలిపడి చెప్పుంటాది," అన్నాడు. లోపలికి కేకేసి, నెల్లూరు నుంచి ఎవరో ఎండన పడి వచ్చినారని, మజ్జిగ తెమ్మన్నాడు.